నేరం పంపుదేనా?

ఇరుకు సందుల్లో పూడిక తీసేటప్పుడో, కట్టుబడి దగ్గర ఇసుక ఎత్తేటప్పుడో ఉన్నచోటే గిర్రున తిరిగే చిన్న లోడరును, అది ఏ కంపెనీదైనా, మనవాళ్లు బాబ్‌క్యాట్ అనే అంటారు. దాని మూలం 1957 నాటిది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోత్‌సే ఊళ్లో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ల షెడ్డులో పెంట ఎత్తడానికి ఓ మూడు చక్రాల బండి చేశారు. 1960లో నాలుగు చక్రాల బండి వచ్చింది. ముందు చక్రాలు మళ్లవు. ఒక పక్క చక్రాలు ఆగి, రెండో పక్కవి తిరిగితే బండే మళ్లుతుంది. మొదట్లో ఆ పని క్లచ్చులు చేసేవి. ఇప్పటి బండ్లలో ఇంజిను రెండు పంపులను తిప్పుతుంది. ఒక్కో పంపు ఒక్కో పక్క మోటారుకు ఆయిల్ తోలుతుంది. మోటారు చైన్లతో ఆ పక్క చక్రాలు రెంటినీ లాగుతుంది.

బండి కదలకపోతే తిట్టుకోవడానికి ఇందులో క్లచ్ ప్లేటు లేదు, గేరు బాక్సు లేదు. ఇక మిగిలింది పంపు. అందుకే షెడ్డుకొచ్చే చాలా బండ్లు ‘పంపు పోయింది’ అన్న తీర్పును వెంటేసుకునే వస్తాయి. పంపు పోదని కాదు. కానీ ఆ మాట అన్నీ చూశాక చివర్న అనాల్సింది.

అపోహ: బండి లాగట్లేదంటే పంపు పోయినట్టే

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేసి “అన్నా, బండి ర్యాంపు ఎక్కట్లేదు, పంపు పోయినట్టుంది” అంటే అతను స్పానర్లు సర్దుకోడు. ముందు అడుగుతాడు: “రెండు పక్కలా లాగట్లేదా, ఒక పక్కేనా? ముందుకా, వెనక్కా? పొద్దున్నుంచీ ఇంతేనా, ఆయిల్ కాగాకనా?” సగం రోగం ఈ ప్రశ్నల్లోనే బయటపడుతుంది.

రెండు పక్కలా ఒకేసారి నీరసించిందంటే, రెండు పంపులూ కూడబలుక్కుని ఒకే రోజు పోయాయని నమ్మడం కష్టం. రెంటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ట్యాంకులో ఆయిల్ ఎంతుంది? ఫిల్టరు పూడిందా? ఇంజిను లోడు మీద చక్రాలు తిరగకముందే గుక్కపట్టి పడిపోతోందా? (పడిపోతే గొడవ డీజిల్ ఫిల్టరుదో, ఎయిర్ ఫిల్టరుదో, హైడ్రాలిక్‌ది కాదు.) ఆ తర్వాత ఛార్జి పంపు. పెద్ద పంపుల వెనకాల ఉండే ఈ చిన్న గేరు పంపు, పెద్ద పంపుకూ మోటారుకూ మధ్య ఆయిల్ తిరిగే లూపులో తరిగినదాన్ని భర్తీ చేస్తుంది, చాలా బండ్లలో పార్కింగ్ బ్రేకును కూడా అదే విడిపిస్తుంది. దాని ప్రెజర్ మామూలుగా 15 నుంచి 30 బార్ల మధ్య ఉంటుంది. లూపులో 300 దాటే ప్రెజర్ ముందు ఇది లెక్కలోది కాదనిపిస్తుంది. కానీ ఇది పడిపోతే పెద్ద పంపులు ఎంత బాగున్నా బండి కదలదు, బ్రేకు కూడా సగం పట్టుకునే ఉంటుంది. ఛార్జి పోర్టుకు గేజీ బిగించి చూడటం కొద్ది నిమిషాల పని. దాన్ని చూడకుండా పంపు దించే షెడ్డు నుంచి బండిని తీసుకుపోవడమే మేలు.

ఒక పక్కే నీరసంగా ఉంటే వెతుకులాట ఆ పక్కకే పరిమితం. ముందుకు బాగా పోయి వెనక్కే లాగడం లేదంటే ఇంకా సుళువు. ఒక్కో దిశకు ఒక్కో రిలీఫ్ వాల్వు ఉంటుంది. చాలా పంపుల్లో రెండూ అచ్చం ఒకటే. ఒకదాని చోట రెండోది మార్చి బిగించి నడిపితే, ఇప్పుడు ముందుకు లాగడం మానేసిందా? దొంగ దొరికినట్టే. విప్పి చూస్తే సీటు మీద ఇసుక రేణువో, తెగిన ఓరింగు ముక్కో ఉంటుంది.

పంపా, మోటారా అన్న అనుమానం మిగిలితే, హోసులు అందే బండ్లలో కుడి ఎడమల ప్రెజర్ హోసులను అటూ ఇటూ మార్చి చూస్తారు. నీరసం రెండో పక్కకు మారితే పంపు వైపు, మారకపోతే మోటారు వైపు. బండిని స్టాండ్ల మీద చక్రాలు గాలిలో ఉండేలా నిలిపి మాత్రమే చెయ్యాలి, ఎందుకంటే ఎడమ లివరు తోస్తే కుడి చక్రాలు తిరుగుతాయి.

మినీ పొక్లెయిన్ అయితే బూమూ, బకెట్టూ బలంగానే ఆడుతూ ఒక ట్రాకే మొరాయిస్తుంటే అనుమానం పంపు దాకా పోనక్కర్లేదు. పై భాగం నుంచి కింది ట్రాకులకు ఆయిల్‌ను దించే సెంటర్ జాయింటు ఒకటుంది. క్యాబిన్ చుట్టూ తిరిగినా హోసులు మెలిపడకుండా చూసేది అదే. దాని సీళ్లు అరిగితే లోపలే ఆయిల్ ఒక దారి నుంచి ఇంకో దారికి జారుకుంటుంది. బయట చుక్క కూడా కనిపించదు. అంతకన్నా ముందు ట్రాకు బిగువూ, స్ప్రాకెట్టులో ఇరుక్కున్న రాళ్లూ చూడటం మరవకూడదు.

అపోహ: పంపు ప్రెజర్ పుట్టిస్తుంది

పంపు ఆయిల్‌ను తోస్తుంది, అంతే. ఆ ఆయిల్‌కు ఎదురు తగిలినప్పుడే ప్రెజర్ లేస్తుంది. చక్రాలు గాలిలో తిరుగుతుంటే కొత్త పంపు ఉన్నా గేజీ తక్కువే చూపిస్తుంది. కాబట్టి ఉత్త ప్రెజర్ చూసి పంపును తప్పుపట్టకూడదు. వేగం తగ్గిందంటే ఆయిల్ పారుదల తగ్గినట్టు. వేగం ఉండి లోడు పడగానే చతికిలపడితే ప్రెజర్ నిలవట్లేదన్నమాట. ఈ రెండు ఫిర్యాదులనూ డ్రైవర్లు ‘పికప్ లేదు’ అనే ఒకే మాటలో కలిపేస్తారు, విడదీసి అడగాల్సింది మనమే.

అపోహ: కూత పెడుతోందంటే బేరింగు అరిగింది

కావచ్చు. కానీ చాలాసార్లు ఆ కూత పంపు ఆకలిది. సక్షన్ హోసు ముదిరి లోపలి పొర ఊడి దారికి అడ్డం పడితే పైకి హోసు నిక్షేపంగానే ఉంటుంది. ఫిల్టరు పూడినా, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా అంతే. సక్షన్ క్లాంపు వదులైతే మరో రకం: అక్కడ లోపల లాగుడు ఉంటుంది కాబట్టి ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ట్యాంకులో నురుగు కనిపిస్తే ఇదే అనుమానించాలి. ఇంజిను నడుస్తుండగా ఆ జాయింటు చుట్టూ కాస్త గ్రీజు మెత్తితే, కూత మారిందంటే గాలి దారి అక్కడే.

అపోహ: రిలీఫ్ స్క్రూ ఓ అర చుట్టు బిగిస్తే బలం వస్తుంది

వస్తే కాసేపు వస్తుంది. తర్వాత హోసో, షాఫ్టో, మోటారో పోతుంది. గేజీ పెట్టకుండా ఆ స్క్రూను ముట్టుకోకూడదు.

అపోహ: ఆయిల్ తేటగా ఉంది, కాబట్టి శుభ్రంగా ఉంది

మన కంటికి ఆనే అతి చిన్న రేణువు సుమారు 40 మైక్రాన్లది. పిస్టన్ పంపులో భాగాల మధ్య సందు కొన్ని మైక్రాన్లే. అంటే పంపును అరగదీసే మట్టి మన కంటికి కనిపించనే కనిపించదు. కొత్త బ్యారెల్‌లోని ఆయిల్ కూడా చాలాసార్లు పంపుకు కావలసినంత శుభ్రంగా ఉండదు. దాన్ని సిమెంటు పట్టిన బకెట్టులో పోసి, పాత బట్టతో తుడిచిన గరాటులోంచి వంచితే ఇక చెప్పేదేముంది? కన్ను చెప్పగలిగింది రెండే: పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, నురుగొస్తే గాలి కలిసింది.

అపోహ: ఎండాకాలం చిక్కటి ఆయిల్ పోస్తే సరి

పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి చచ్చుబడే బండికి మొదట రాసే మందు ఇదే. 46 గ్రేడు ఆయిల్ అంటే 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 46 సెంటీస్టోకులు. అదే ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 7కు పడిపోతుంది. పల్చబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. చిక్కటిది పోస్తే ఆ అరుగుదల కొన్నాళ్లు దాగుతుంది, పోదు. ఈలోగా చలికాలం పొద్దున్నే పంపు దాన్ని పీల్చుకోలేక అవస్థ పడుతుంది. ముందు ఆయిల్ ఎందుకు కాగుతోందో చూడాలి. మన దుమ్ములో కూలరు రెక్కల మధ్య మట్టి గోడలా పేరుకుంటుంది. గాలి కొట్టి దాన్ని దులపడానికి ఖర్చేమీ లేదు. ఆయిల్ గ్రేడు కంపెనీ పుస్తకంలో ఉన్నదే. కొన్ని బండ్లకు ఇంజిన్ ఆయిలే చెబుతారు.

అపోహ: లీకు ఎక్కడో చేత్తో తడిమితే తెలుస్తుంది

ఈ ఒక్కటి మిగతావాటి లాంటిది కాదు. సూదిమొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ కంటికి కనిపించదు, చర్మంలోకి దూసుకుపోతుంది. గ్లౌజు ఆపదు. గాయం దోమ కుట్టినట్టే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. అందుకే మెకానిక్ బట్టతో తుడుచుకుని పనిలో పడిపోతాడు. గంటలు గడిచేసరికి లోపల కండ చచ్చుబడుతుంది, ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. ‘హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి కొట్టింది’ అని స్పష్టంగా చెప్పి, వెంటనే ఆపరేషను చెయ్యగల పెద్దాసుపత్రికి పోవాలి. లీకు చూడాలంటే హోసు వెంట దూరం నుంచి అట్టముక్క ఆడించాలి. జాయింటు విప్పాలంటే లోడరు చేతులు, బకెట్టు నేల మీదికి దించి, ఇంజిను ఆపి, కీ ఆన్‌లో పెట్టి లివర్లు అటూ ఇటూ ఆడించాలి. ఇంజిను ఆగినంత మాత్రాన హోసులో ప్రెజర్ పోదు.

సీటు స్విచ్చు, సేఫ్టీ బారు స్విచ్చుల సంగతీ ఇక్కడే. అవి చెడితే బండి అస్సలు కదలదు, నింద పంపు మీద పడుతుంది. వైరు కలిపి వాటిని దాటేస్తే బండి నడుస్తుంది. డ్రైవరు దిగుతూ కాలితో లివరు తన్నితే లోడరు చేతులు అతని మీదే దిగుతాయి. స్విచ్చు మార్చాలి, దాటెయ్యకూడదు.

అపోహ: ఆగిన బండిని తాడు కట్టి లాగేయొచ్చు

చక్రాలు తిరిగితే మోటారు పంపుగా మారుతుంది, ఆయిల్‌కు పోయే దారి ఉండదు. బైపాస్ వాల్వు ఉన్న బండిలో దాన్ని తెరిచి, అదీ కాస్త దూరం, మెల్లగా మాత్రమే.

అపోహ: కొత్త పంపు నెలకే పోయిందంటే అది నకిలీది

నకిలీలున్న మాట నిజమే. కానీ నేరం ఎక్కువసార్లు లూపుది. ఈ లోడర్లలో చక్రాల మోటారు నుంచి వచ్చిన ఆయిల్ ట్యాంకుకు పోకుండా నేరుగా పంపుకే తిరిగొస్తుంది. ఫిల్టరులోంచి పోయేది ఛార్జి పంపు అందించే ఆయిలే. పాత పంపు విరిగినప్పుడు రాలిన ఇనుప పొడి హోసుల్లో, మోటారులో అలాగే ఉంటుంది; కొత్త పంపు తిరిగిన మొదటి నిమిషంలోనే దాన్ని మింగుతుంది. అందుకే పంపు మారిస్తే హోసులు విప్పి కడగాలి, మోటారు తెరవాలి, ట్యాంకు అడుగు తుడవాలి. కూలరు కడిగినా అనుమానమే, మార్చడం మేలు.

బిగించే పద్ధతిలోనూ పంపులు చస్తాయి. కొత్త పంపు కేసులో శుభ్రమైన ఆయిల్ నింపకుండా స్టార్ట్ చేస్తే మొదటి క్షణాల్లోనే లోపలి భాగాలు పొడిగా రాసుకుంటాయి. నింపి, చక్రాలు గాలిలో ఉంచి, ఇంజిను ఐడిల్‌లో పెట్టి, ఛార్జి గేజీ మీద కన్నేసి ఉంచాలి. ముల్లు కొద్ది సెకన్లలో లేవకపోతే వెంటనే ఆపెయ్యాలి. కొన్ని గంటలు నడిచాక ఫిల్టరు మళ్లీ మార్చి, తీసినదాన్ని కోసి కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడాలి. ఇత్తడి రంగు పొడి మెరిస్తే పిస్టన్ల స్లిప్పర్లో, వాల్వు ప్లేటో అరుగుతున్నట్టు. అయస్కాంతానికి అతుక్కునే నల్లటి పొడి అయితే బేరింగూ, గేర్లూ చూడాలి.