ఆట ఖాతాకు గండి పడితే...

తొలకరి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెదకడం కర్నూలు జిల్లాకు కొత్తగాదు. ఇప్పుడు మన విద్యార్థుల చేతుల్లోకి మరో రకం వజ్రాలొచ్చినాయి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆటలో వాటిని 'డైమండ్స్' అంటారు, బీజీఎంఐ ఆటలో 'యూసీ' అంటారు. వాటితో ఆటబొమ్మకు చొక్కా, తుపాకికి రంగు కొనుక్కోవచ్చు. ఆ వజ్రాలు ఉత్తుత్తివే గాని, వాటికిచ్చే దుడ్లు మాత్రం నిజమైనవి. మన ఆట ఖాతాలోకి దొంగ జొరబడి, మన పేరుతో వాటిని కొనేస్తే ఏం చేయాలన్నదే ఈ వ్యాసంలోని విషయం.

దొంగ ఎట్లా జొరబడతాడు? తాళం పగలగొట్టేది తక్కువ. తాళంచెవి మనమే ఇచ్చేది ఎక్కువ. 'డైమండ్స్ ఉచితం' అని ఒక లింకు వస్తుంది. నొక్కితే అసలు ఆట మాదిరే ఉండే పేజీ తెరుచుకుని, పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. కొట్టినామంటే దొంగకు చేరినట్టే. రెండోది, అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డు వాడటం. ఒకచోట పోతే అన్నిచోట్లా పోయినట్టే. మూడోది, ఎవరో ఆడి పెంచిన ఐడీని చవగ్గా కొనడం. అమ్మినవాడి దగ్గర పాత తాళంచెవి ఉండనే ఉంటుంది. మన తప్పేమీ లేకుండా పోయేదీ ఉంది. 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్కులో దొంగలు పడి, దాదాపు 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఆ నెట్‌వర్కు మూడు వారాలకు పైగా మూతబడింది.

ఇక పోయే దుడ్లు ఎవరివి? మన సీమ విద్యార్థికి అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఫోను మనది, బ్యాంకు ఖాతా నాయనది. శెనక్కాయలమ్మిన డబ్బో, అన్న కువైట్ నుంచి పంపిన డబ్బో అందులో ఉంటుంది. డబ్బు పోయినట్టు మెసేజి పత్తికొండ పక్కనో, మైదుకూరు పక్కనో పల్లెలో ఉన్న నాయన ఫోనుకు పోతుంది. ఇంగ్లీషులో వచ్చిన ఆ మెసేజిని ఆయన ఏదో ప్రకటన అనుకుని వదిలేస్తాడు. హాస్టల్లో ఉన్న కొడుక్కు సంగతి తెలిసినా, 'నాయన తిడతాడు' అని నోరు మెదపడు. ఆ మౌనం ఖరీదెంతో చూద్దాం.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నింటికీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మూడోవాడెవడో దోచుకుంటే, బ్యాంకు మెసేజి అందిన తర్వాత 3 పనిదినాల్లోగా తెలిపినవారికి నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య తెలిపితే, ఒక్కో లావాదేవీలో కొంత మన మీద పడుతుంది. జన్‌ధన్ వంటి ప్రాథమిక ఖాతాకు గరిష్ఠంగా 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 రూపాయలు అని హద్దు పెట్టారు. 7 దాటితే బ్యాంకు విధానం ఎట్లుంటే అట్ల. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా మనదే. తెలిపిన తర్వాత పోయేది బ్యాంకుది. కాబట్టి తప్పు లేనివానికే కాదు, తప్పు చేసినవానికి కూడా వెంటనే చెప్పడమే లాభం. పైగా రోజులు లెక్కపెట్టేది కొడుక్కు ధైర్యం వచ్చిన రోజు నుంచి కాదు, నాయన ఫోనుకు మెసేజి వచ్చిన మర్నాటి నుంచి! ఇటువంటి నిబంధనలను అప్పుడప్పుడు సవరిస్తుంటారు గనుక, నేటి లెక్క బ్రాంచిలో అడిగి తెలుసుకోవడం మంచిది.

కె.సి. కెనాలుకు గండి పడితే ముందు ఎగువన నీళ్లు కట్టేస్తారు, తర్వాత గండి పూడుస్తారు, గండి కొట్టినవాని కోసం ఆ తర్వాతనే వెదుకుతారు. ఇక్కడా వరుస అదే.

మొదట, నాయనకు చెప్పి ఆయన చేతనే బ్యాంకుకు ఫోను చేయించాలి. పాస్‌బుక్కు మీదో, కార్డు వెనుకో ఉన్న నెంబరుకే చేయాలి. ఇంటర్నెట్టులో వెదికితే దొంగ నెంబర్లు కూడా దొరుకుతాయి. కార్డు, యూపీఐ ఆపించి, 'ఆటోపే' అనుమతి ఉంటే రద్దు చేసి, ఫిర్యాదు నెంబరు, టైము రాసి పెట్టుకోవాలి. వెంటనే సైబర్ నేరాల సహాయ నెంబరు 1930కి చెప్పాలి. డబ్బు దొంగ చేతికి చేరకముందే మధ్యలో నిలబెట్టే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.

తర్వాత ఈ-మెయిల్ పాస్‌వర్డు మార్చాలి. ఆట పాస్‌వర్డు మార్చే లింకు వచ్చేది ఆ మెయిలుకే గనుక, అది దొంగ చేతిలో ఉంటే తక్కినవి ఎన్ని మార్చినా వృథా. పిదప ఆట కంపెనీకి, కొన్న రశీదు నెంబరు, తేదీ, తెరమీది ఫోటోలతో రాయాలి. గూగుల్ ప్లే ద్వారా పోయిన డబ్బుకైతే 120 రోజుల్లోగా గూగుల్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. డబ్బు వెనక్కి తీసుకుంటే కొన్ని కంపెనీలు ఆ ఐడీకే తాళం వేస్తాయి. వేస్తే వేయనీ, ఐడీ కన్న డబ్బు ముఖ్యం.

ఇక పోలీసులు. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడటం 2000 నాటి ఐటీ చట్టంలోని 66సి సెక్షను కింద నేరం. 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఖాతా ఊళ్లో ఉంది, నువ్వు కర్నూలులో ఉన్నావు, అక్కడికే పో అనే మాట చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు.

ఒక్క హెచ్చరిక. ఇంట్లో పిల్లోడే కొన్నదాన్ని దొంగ కొన్నాడని రాయకూడదు. 2022లో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక ఇంట్లో 36 లక్షల రూపాయలు ఫ్రీ ఫైర్‌లో పోయినట్టు తేలింది. ఖర్చు పెట్టింది ఆ ఇంటి పిల్లవాడే. అట్లాంటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే దారి. అబద్ధపు ఫిర్యాదుతో మరో చిక్కు తెచ్చుకోరాదు.

మిత్రులారా! సెలవులకు ఊరికి పోయినప్పుడు నాయన పక్కన కూర్చుని, డబ్బు పోతే బ్యాంకు మెసేజి ఎట్లుంటుందో ఆయనకు చూపించండి. 1930 నెంబరు క్యాలెండరు మీద రాసి రండి. ఆట ఆడే ఫోనుకు నాయన ఖాతా తగిలించకండి. అయినా ఏదైనా జరిగితే దాచొద్దు. తిట్లు ఒక పూటతో పోతాయి. మూడు రోజులు పోతే మళ్లీ రావు.