బ్రిటిషు నేరచిత్రములలోని వాస్తవికత

అపరాధమును గథావస్తువుగాఁ గైకొనిన రచనలు రెండు తెఱఁగులు. మొదటి తెఱఁగున నేరమొక చిక్కుముడి. చేసినవాఁడెవ్వఁడో కనుఁగొనుటతోఁ గథ ముగియును. తెలుఁగున అపరాధపరిశోధక నవలలని వ్యవహరింపఁబడునవి ప్రాయికముగా నీ జాతివి. రెండవ తెఱఁగున నేరస్థుఁడెవ్వఁడో మొదటనే తెలియును. వాఁడెట్టి వీథిలో మెలఁగెను, ఏ యాశ వానిని నడపెను, వాని చేఁతకు మూల్యమును ఎవ్వరు చెల్లించిరి యనునవియే యచ్చటి ప్రశ్నలు. ఇంగ్లండున 1947 మొదలుకొని వెలువడిన కొన్ని చలనచిత్రములు ఈ రెండవ తెఱఁగున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినవి. వానిలో సాహిత్యవిమర్శకులు చూడఁదగిన యైదు చిత్రముల స్వరూప మిచ్చట వివరింపఁబడుచున్నది.

ఇట్టి చిత్రములను గూర్చి పండితులకుఁ గలుగు మొదటి శంక నాయకుని విషయమైనది. మన యాలంకారికులు ధీరోదాత్తాది భేదములతో నాయకుని నాలుగు విధములుగా విభజించిరి. హంతకుఁడును, ముఠానాయకుఁడును ఈ విభాగములో నెచ్చట నిలుతురు? మఱియు నాటకమున మరణమును బ్రత్యక్షముగాఁ జూపరాదని శాస్త్రము నిషేధించినది. అయినను భాసుని ఊరుభంగమున దుర్యోధనుఁడు రంగముమీఁదనే ప్రాణములు విడుచును. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుఁడు చౌర్యమును శాస్త్రముగా నెంచి, గోడకుఁ గన్నము వేయు విధమును దర్కించుకొనును. కావున నేరస్థుని మనస్సును లోపలినుండి చూపుట మన వాఙ్మయమునకుఁ గ్రొత్త కాదు. అట్లు చూపుటవలన నేరమున కాకర్షణము కలుగునా, లేక దాని నిజస్వరూపము బయల్పడునా యనునదే విచారింపవలసిన విషయము.

ఈ చిత్రముల పుట్టుకకు రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది రెండవ ప్రపంచ యుద్ధానంతర స్థితి. ఇంగ్లండున ఆహారపదార్థముల రేషను 1954 వఱకుఁ గొనసాగెను. చీకటిబజారు బలిసెను. దొంగసరకుల నమ్మి బ్రతుకు సొగసుకాఁడు, ‘స్పివ్’ అను పేరఁ బరఁగువాఁడు, ప్రతి వీథిలోఁ గానవచ్చెను. రెండవది వాస్తవచిత్ర సంప్రదాయము. జాన్ గ్రియర్సన్ 1929లో హెఱ్ఱింగుచేఁపలు పట్టువారినిగూర్చి ‘డ్రిఫ్టర్స్’ అను చిత్రము నిర్మించినది మొదలు, శ్రామికుల నిజజీవనమును వారి పనిచోటులలోనే చిత్రించుట యచ్చట నలవాటయ్యెను. కల్పితకథలు తీయువారును గ్రమముగా నీ మార్గమును గ్రహించిరి.

ఈ యైదింటిలో మొదటిది ‘ఇట్ ఆల్వేస్ రెయిన్స్ ఆన్ సండే’. దీనిని 1947లో రాబర్ట్ హేమర్ తీసెను. ఆర్థర్ లా బెర్న్ నవల దీనికి మూలము. కథయంతయు లండను తూర్పుభాగమందలి బెత్నల్ గ్రీనున నొక యాదివారము నడచును. కారాగారమునుండి తప్పించుకొని వచ్చిన యొకఁడు తన పూర్వప్రియురాలి యింటఁ దలదాఁచుకొనును. ఆమె యిప్పుడు మఱియొకని భార్య. యుద్ధకాలమున బాంబులనుండి రక్షణకై పెరటిలోఁ గట్టిన యఱయే వాని కాశ్రయమగును. వంట, స్నానము, సవతికూఁతుండ్రతోఁ దగవు మొదలగు గృహకృత్యముల నడుమ నామె భయమును దాఁచుకొనుటయే యిందలి ప్రధానవిషయము. పారిపోయినవాని సాహసముకంటె నామె బ్రతుకులోని యుక్కపోఁత చూపరుల మనస్సున నెక్కువగా నాటును.

రెండవది ‘బ్రైటన్ రాక్’. గ్రేహమ్ గ్రీన్ 1938లో వ్రాసిన నవలను జాన్ బౌల్టింగ్ 1947లో చిత్రముగాఁ దీసెను. గ్రీనును, టెరెన్స్ రాటిగనును గలసి చిత్రానువాదము వ్రాసిరి. బ్రైటన్ సముద్రతీరమునందలి విహారనగరము. ‘రాక్’ అనునది యచ్చట నమ్ముడుపోవు చక్కెరకడ్డీ. ఎచ్చట విఱిచినను లోపల నూరిపేరే కనఁబడునట్లు దానిని జేయుదురు. మనుష్యుని స్వభావమును ఎచ్చట విఱిచి చూచినను మాఱకుండునా యను ప్రశ్న యీ పేరున నిమిడియున్నది. గుఱ్ఱపుపందెములచోటఁ దిరుగు ముఠాకు నాయకుఁడైన పింకీ పదునేడేండ్ల బాలుఁడు. వాఁడొకనిఁ జంపును. ఫలాహారశాలలో వడ్డించు రోజ్ అను నమాయకురాలికి వానికిఁ బ్రతికూలమైన సంగతి యొకటి తెలియును. భార్య భర్తకు విరుద్ధముగా సాక్ష్యమీయ నక్కఱలేదను న్యాయమునుబట్టి వాఁడామెను బెండ్లాడును. ఆమె ప్రేమ సత్యము. వాని ప్రేమ కపటము.

ఈ కథకు గ్రంథమున నొక ముగింపును, చిత్రమున మఱియొక ముగింపును గలవు. పెండ్లినాఁడు పింకీ యొక గ్రామఫోను పళ్లెముపైఁ దన కంఠమును బట్టించును. అందు వాఁడు పలికినది ద్వేషవాక్యము. రోజ్ దానిని బ్రేమవాక్యమని నమ్మి దాఁచుకొనును. నవలలో వాఁడు చచ్చిన పిమ్మట నామె యా పళ్లెమును వినుటకై యింటికి నడచుచుండఁగాఁ గథ ముగియును. ఆమె వినఁబోవు మాటను దలఁచుకొని పాఠకుఁడు వడఁకును. చిత్రములోనైతే ఆ పళ్లెమునకు లోపము కలిగి, ప్రేమను జెప్పిన ముక్కయే మరల మరల మ్రోఁగును, ద్వేషము వినరాదు. ఇది దయయా, వంచనయా యని విమర్శకులు నేఁటికిని వాదింతురు. నిజమునకు రెండును దయలేనివే. గ్రంథమున నామెకు సత్యము తెలియనున్నది. చిత్రమున నామె యసత్యముతోనే జీవింపనున్నది. ఏది యెక్కువ కరుణాస్పదమో నిర్ణయించుట విద్యార్థులకు మంచి యభ్యాసము.

పింకీ వేషము ధరించిన రిచర్డ్ అటెన్‌బరో 1943లోనే రంగస్థలముపై నా పాత్ర నభినయించియుండెను. ఇతఁడే 1982లో ‘గాంధీ’ చిత్రమునకు దర్శకుఁడై భారతీయుల కెల్లఱకుఁ బరిచితుఁడయ్యెను. మూఁడవ చిత్రమైన ‘టెన్ రిల్లింగ్‌టన్ ప్లేస్’నందును బ్రధానపాత్ర యితనిదే. దీనిని 1971లో రిచర్డ్ ఫ్లైషర్ తీసెను. ఇది కల్పితము కాదు. లండనులో నా చిరునామా గల యింట 1949లో తిమొతీ ఇవాన్స్ అను శ్రామికుని భార్యయుఁ బసిబిడ్డయు హతులైరి. ఇవాన్సునకుఁ జదువు చాలదు. పోలీసులయెదుట నొకసారి చెప్పిన మాట మఱియొకసారి చెప్పలేదు. అదే యింటఁ గ్రింది భాగమున నుండిన క్రిస్టీ యనువాఁడు వానికి విరుద్ధముగా సాక్ష్యము పలికెను. బిడ్డను జంపెనను నేరముపై 1950 మార్చిలో ఇవాన్సు నురిదీసిరి. 1953లో నా యింటనే మఱికొందఱు స్త్రీల శవములు బయల్పడెను. క్రిస్టీయే హంతకుఁడని తేలి, ఆ యేఁటనే వాఁడు నురితీయఁబడెను. ఇవాన్సునకు 1966లో క్షమాపణ ప్రకటింపఁబడెను. అప్పటికి వాఁడు చనిపోయి పదునాఱేండ్లు.

ఈ చిత్రమున అటెన్‌బరో గొంతెత్తి మాటలాడఁడు. మెల్లని పలుకు, బట్టతల, కండ్లద్దములు, చేతిలో తేనీటిపాత్ర - ఇంతియే యా రాక్షసుని యాకారము. ఇవాన్సు పాత్రను ధరించిన జాన్ హర్ట్ తనకుఁ దెలియని న్యాయభాషలోఁ జిక్కుకొనిన వాని దిగ్భ్రమను గన్నులకుఁ గట్టినట్లు చూపెను. ఉరి దృశ్యము క్షణములలో ముగియును. సంగీతము లేదు, విలాపము లేదు. ఆ వేగమే భయంకరము. ఇంగ్లండున హత్యకు మరణదండనము 1965లో నిలిపివేయఁబడి, 1969లో శాశ్వతముగా రద్దయ్యెను. ఇవాన్సు కథ యా వాదమునకు బలము చేకూర్చిన వానిలో నొకటి. నేరచిత్రమునకు దండనము కూడ విషయము కాఁగలదనియు, రాజ్యము చేసిన తప్పు దిద్దరానిదనియు నీ చిత్రము తెలుపును.

నాలుగవది ‘గెట్ కార్టర్’. ఇదియును 1971లోనిదే. టెడ్ లూయిస్ నవలను మైక్ హాడ్జెస్ చిత్రముగాఁ దీసి, కథాస్థలమును న్యూకాసిల్ నగరమునకు మార్చెను. లండను ముఠాలోఁ బనిచేయు జాక్ కార్టర్ తన యన్న మరణమునకుఁ గారణ మరయుటకై పుట్టినయూరికి వచ్చును. మైకేల్ కెయిన్ యీ పాత్రకుఁ జిఱునవ్వుగాని జాలిగాని రానీయలేదు. అన్నకూఁతును జెఱచిన యశ్లీలచిత్రవ్యాపారము కార్టరు వంటివారివలననే బ్రతుకుచున్నది. కావున వాఁడు తీర్చుకొను పగ తనపైఁ దనకే పగ. ఛాయాగ్రాహకుఁడైన వుల్ఫ్‌గాంగ్ సుషిట్జ్‌కీ వాస్తవచిత్రములలో నాఱితేఱినవాఁడు. ఇఱుకుటిండ్ల వరుసలు, పానశాలలు, గేట్స్‌హెడ్‌లోని కాంక్రీటు వాహనశాల, గనులమట్టిని సముద్రములోఁ బోయు తొట్లు - ఇవన్నియు నందు యథాతథముగా నిలిచియున్నవి. ఆ వాహనశాల 2010లోఁ బడఁగొట్టఁబడెను. పోయిన పారిశ్రామికజీవనమున కీ చిత్ర మొక సాక్ష్యపత్రము. కడపటఁ గార్టరు నల్లని సముద్రతీరమున నొక కూలిహంతకునిచేఁ జచ్చును. ఆ హంతకుఁడు తొలి దృశ్యమున రైలులో వానితోఁ గూడఁ బ్రయాణము చేసినవాఁడే. వాని చావు మొదటినుండియు వానివెంటనే యుండెనని యర్థము.

ఐదవది ‘ది లాంగ్ గుడ్ ఫ్రైడే’. బారీ కీఫ్ వ్రాయఁగా జాన్ మెకెంజీ 1979లోఁ జిత్రీకరించెను. 1981లో సామాన్యప్రదర్శనమునకు వచ్చెను. హారల్డ్ షాండ్ అను ముఠానాయకుఁడు, పాడుపడిన లండను రేవుల నేలను గొని, అమెరికావారి ధనముతో నూతననగరము నిర్మింపఁదలఁచును. అతఁడు తన్ను వ్యాపారినిగా నెంచుకొనును. ఒక్క గుడ్ ఫ్రైడే దినమున నతని మనుష్యులు చంపఁబడుదురు, భవనములు ప్రేలును. శత్రువు తనవంటి ముఠాకాఁడనియే యతఁడు తలఁచును. కాని తన యనుచరుఁడే చేసిన ద్రోహమువలన నైర్లండు విప్లవకారులతో వైరము దాపురించినదని కడపటఁ దెలియును. ధనమునకు లొంగని విరోధి నతఁ డెన్నఁడును జూచియుండలేదు. అంత్యదృశ్యమున బంధితుఁడై కారులోఁ గూర్చుండిన హారల్డు ముఖమే చాలసేపు కనఁబడును. క్రోధము, ఆశ్చర్యము, భయము, తనపైఁ దనకే కలిగిన పరిహాసము - ఇవి యొకదానివెంట నొకటి బాబ్ హాస్కిన్స్ ముఖమునఁ దోఁచి మఱుఁగగును. మాట యొక్కటియు లేదు. సంచారిభావములను బోధించు గురువులకు దీనికంటె మంచి యుదాహరణము దొరకుట కష్టము. ఆ రేవులనేల 1981 తరువాత నిజముగానే వాణిజ్యనగరముగా మాఱుట చరిత్ర.

ఈ యైదింటికిని సామాన్యలక్షణములు మూఁడు. స్థలము కథకుఁ దెర కాక పాత్రయైయుండుట మొదటిది. నేరమువలనఁ గలుగు లాభముకంటె నష్టమును విపులముగాఁ జూపుట రెండవది. ఆ నష్టమును నేరస్థునితోఁ బాటు స్త్రీలును, నిరపరాధులును భరించుట మూఁడవది. రోజ్, ఇవాన్సు, కార్టరు నన్నకూఁతురు - వీరిని మఱచి పింకీని, కార్టరును మెచ్చుకొనువాఁడు చిత్రమును సగమే చూచినవాఁడు. 1990 తరువాత వచ్చిన కొన్ని చిత్రములు ముఠావారిని హాస్యపాత్రలుగా మార్చి వేగమునకును, చమత్కారమునకును బ్రాధాన్య మిచ్చినవి. వానికిని రుచి కలదు. కాని యందు దెబ్బ తగిలినవాని నొప్పి వినఁబడుట యరుదు.

కావున నాయకత్వమునుగూర్చిన మొదటి శంకకు సమాధాన మిది. వీరు శాస్త్రోక్తనాయకులు కారు. వీరియందుఁ బ్రేక్షకునకుఁ గలుగునది యనుకరణేచ్ఛ కాదు, ఎఱుక. భయానకబీభత్సములు మార్గమై కరుణము గమ్యమైనచో నట్టి కృతి సజ్జనులకుఁ జూడఁదగినదే. చిత్రములలోని హింసనుబట్టి వీనిని బాలురకుఁ జూపరాదు. పెద్దలు మాత్రము బ్రైటన్ రాక్ నవలను జదివి, పిదపఁ జిత్రమును జూచినచో, గ్రంథమునకును దృశ్యమునకును గల భేదము తమంతఁ దామే గ్రహింపఁగలరు. ఆ వెనుక రిల్లింగ్‌టన్ ప్లేస్ కథను జూచుట మంచిది. ఏలయన నేరస్థునిఁ జూచి భయపడుట సులభము. తీర్పు చెప్పుటయందుఁ దొందరను జూచి భయపడుటయే మనుష్యులు నేర్చుకొనవలసిన విద్య.