దిగమింగిన కోపం ఎక్కడికి పోతుంది?

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అనడం మన ఇళ్లలో ఇప్పటికీ కితాబే. ఎవరేమన్నా తల వంచుకు వింటుంది, ముఖంలో చిరాకు కనపడనివ్వదు. ఆఫీసుల్లో ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ పేరిట చెప్పే పాఠాలూ చాలాసార్లు అక్కడికే వచ్చి ఆగుతాయి: బాస్ అరిచినా నవ్వుతూ ఉండండి! (అరిచే బాస్‌కి ఈ క్లాసు ఎప్పుడు పెడతారో మరి.)

1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనే భావనకు రూపమిచ్చినప్పుడు ఓర్చుకోవడం గురించి చెప్పలేదు. మన మనసులో, ఎదుటివారి మనసులో ఏం కదులుతోందో పసిగట్టడం, వాటి తేడాలు తెలుసుకోవడం, ఆ ఎరుకతో నడుచుకోవడం... వాళ్లు తెలివి అన్నది దీన్ని. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం దాన్ని ఇంటింటికీ చేర్చింది. వెంట బోలెడు నినాదాలూ వచ్చాయి, వాటినలా ఉంచుదాం.

భావాలను అణచుకుంటే ఏమవుతుందో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో పరీక్షించి చూశారు. కాలిన గాయాలకు చికిత్స, చెయ్యి తొలగించే ఆపరేషన్ లాంటి ఒళ్లు జలదరించే దృశ్యాలు చూపిస్తూ, కొందరిని ముఖంలో ఏ భావమూ కనపడనివ్వొద్దన్నారు. ముఖాలు అదుపులో ఉన్నాయి. లోపలి జుగుప్స మాత్రం తగ్గలేదు, పైగా శరీరంలో ఉద్రిక్తత పెరిగిన గుర్తులు కనిపించాయి. ఇలా బిగబట్టుకున్నవారికి ఆ సమయంలో విన్నవీ చూసినవీ సరిగ్గా గుర్తుండవని గ్రాస్ తర్వాతి పరిశోధనల్లో తేలింది. మాటామాటా పెరిగిన రోజున ‘నేనలా అన్లేదు’, ‘నువ్వు అన్నావ్’ అంటూ మళ్లీ గొడవ మొదలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

బిల్లింగ్ కౌంటర్‌లో నిలబడే అమ్మాయికి, ఆస్పత్రి నర్సుకి ఇలా బిగబట్టుకుని నవ్వడం రోజువారీ పని. సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే విమానాల్లో ఎయిర్‌హోస్టెస్‌ల నవ్వును గమనించి, అదీ శ్రమేనని రాశారు. జీతంలో దానికి లెక్క కట్టేవాళ్లు అరుదు.

మరి కోపాన్ని ఏం చేయాలి? ముందు దాని పేరు కనుక్కోవాలి. భావానికి పేరు పెట్టినప్పుడు మెదడులో భావోద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగపు చురుకు తగ్గినట్టు 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం స్కానింగ్‌లో చూసింది. పిల్లాడి ప్రోగ్రెస్ రిపోర్టు చూడగానే నాన్న గొంతు లేస్తుంది. అందులో మార్కుల మీద కోపం ఎంత? ఇంజినీరింగ్ సీటు రాదేమోనన్న భయం ఎంత? పొద్దున ఆఫీసులో పడ్డ మాట ఎంత? “నాన్నా, ఇవాళ నా మనసేం బాలేదు, అన్నాలయ్యాక చూద్దాం” అని ఆ తండ్రి అనగలిగితే మార్కుల సంగతి ఎటూ పోదు. కాకపోతే తిట్లు కాచుకునే పని లేని పిల్లాడు, లెక్కల్లో తనకు ఎక్కడ అర్థం కావట్లేదో చెప్పడానికి నోరు తెరుస్తాడు.