పత్తి కట్టెతో వంట ఇంధనం: అడవిపై భారం తగ్గేదెప్పుడు?

తెలుగు రాష్ట్రాలలో పత్తి తీత ముగిశాక హెక్టారుకు సుమారు 2 నుండి 3 టన్నుల కట్టె మిగులుతుంది. దానిలో చాలా భాగాన్ని పొలంలోనే కాల్చివేస్తున్నారు. అడవి అంచు గ్రామాలలో మాత్రం వంటచెరకు కోసం చెట్లపై ఆధారపడడం నేటికీ కొనసాగుతున్నది.

పంట వ్యర్థాలన్నీ ఇంధనానికి తగినవి కావు. వరిగడ్డి పశువులకు మేత, నేలకు సేంద్రియ పదార్థం. వరి ఊకలో బూడిద దాదాపు 20 శాతం ఉంటుంది. పత్తి కట్టె చెక్క స్వభావం కలది. బూడిద తక్కువ, కిలోకు సుమారు 4,000 కిలో కాలరీల ఉష్ణాన్నిస్తుంది. అయితే కట్టెను ఇంటి వద్ద కుప్ప వేస్తే, ఎండు కాయలలో దాగిన గులాబీ రంగు పురుగు తదుపరి పంటకు సోకుతుంది. కనుక తీత ముగిసిన వెంటనే ముక్కలు చేయడం సస్యరక్షణకూ అవసరమే.

ఇంధన తయారీకి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, తేమను 10 శాతం మేరకు తగ్గించి పొడిని అధిక పీడనంతో దిమ్మెలుగా నొక్కడం. ఆ వేడికి లిగ్నిన్ మెత్తబడి బంధకంగా పనిచేస్తుంది. వేరే జిగురు అక్కరలేదు. యంత్రం, విద్యుత్తు కావాలి. రెండవది, డ్రమ్ములో తక్కువ గాలితో బొగ్గుగా మార్చి, పొడిచేసి, గంజితో కలిపి ఉండలుగా ఎండబెట్టడం. పెట్టుబడి స్వల్పం; కాని కట్టెలోని శక్తిలో సగానికి పైగా తయారీలోనే పోతుంది. ఈ బొగ్గును కుంపటిలో, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

దిమ్మెలకు బాయిలర్ల నుండి గిరాకీ అధికం. అటు తరలిన దిమ్మె వంటచెరకును ఆదా చేయదు. పైగా, గృహిణికి అడవి కట్టె నగదు లేకుండా లభిస్తుంది. ఆమె వెచ్చించేది శ్రమ, సమయం. కనుక ఇంధనం చౌక అనడానికి గ్యాస్ ధర ఒక్కటే కొలమానం కాదు.

పొయ్యి కూడా ముఖ్యమే. సంప్రదాయ పొయ్యి ఉష్ణ సామర్థ్యం సుమారు 10 శాతం. సహజ గాలితో పనిచేసే మెరుగైన పొయ్యికి భారతీయ ప్రమాణం కనీసం 25 శాతం. అనగా 10 కిలోల ఇంధనంతో అయ్యే వంట 4 కిలోలతో పూర్తవుతుంది.

అందువలన విస్తరణ శాస్త్రవేత్తలు కట్టె ముక్కలు చేసే యంత్రం, దిమ్మెల తయారీ, మెరుగైన పొయ్యి, ఈ మూడింటినీ ఒకే ప్రదర్శనగా గ్రామానికి తీసుకువెళ్లాలి. ఫలితాన్ని తయారైన టన్నులతో కాక, ప్రతి ఇంట తగ్గిన వంటచెరకుతో కొలవాలి.