బిడ్డ చెప్పిన మాట చెప్పినట్టే

ఆదివారం తెలుగు తరగతి నడిపే సేవకుడికి జీతం ఉండదు. పైన హెడ్మాస్టరు ఉండడు, తనిఖీకి వచ్చే అధికారీ ఉండడు. అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే పిల్లలకు నాలుగు అక్షరాలు నేర్పాలంటే ఇలాంటివారే ముందుకు రావాలి. 2021 అక్టోబరులో ప్రభుత్వం ‘ఇల్లం తేడి కల్వి’ మొదలుపెట్టినప్పటి నుంచి సాయంత్రం పూట పాఠం చెప్పే సేవకులు తమిళనాడులో అందరికీ తెలిసినవారే.

మన తరగతుల్లో పిల్లలు వాళ్లను అన్నా, అక్కా, మామా అని పిలుస్తారు. ఆ దగ్గరతనమే మన బలం. చిక్కు కూడా అక్కడే ఉంది. ఒక బిడ్డ వచ్చి ‘ఆ మామ నన్ను తాకినాడు’ అంటే పెద్దల నోట ముందు వచ్చే మాట ‘మనవాడే గదా, మనలో మనం చూసుకుందాం’. పరువు పోతుందని ఒక భయం, ఉన్న ఒక్క తరగతీ మూతపడుతుందని ఇంకో భయం.

చట్టం ఈ మాటను ఒప్పుకోదు. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఆడా మగా తేడా లేకుండా 18 ఏళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం కలిగినా పోలీసులకు చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. నేరం తెలిసీ చెప్పనివారికి 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ పెద్ద పోలీసులకు చెప్పకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా. సంఘమనో, ట్రస్టనో, మండలి అనో పేరు మార్చుకుంటే తప్పించుకోలేరు. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారికి మాత్రం చట్టమే అండ.

2024 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో జరిగింది గుర్తు చేసుకోండి. ఎన్‌సీసీ పేరు చెప్పి ఒక ప్రైవేటు బడిలో శిబిరం పెట్టారు. దానికి ఎన్‌సీసీతో సంబంధమే లేదని తర్వాత తేలింది. శిబిరంలో ఒక బాలికపై అత్యాచారం జరిగిందని కేసు నమోదైంది. విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై ప్రిన్సిపాల్, కరస్పాండెంట్ కూడా అరెస్టయ్యారు. వచ్చినవాడెవరో ముందే అడిగి ఉంటే, బిడ్డ చెప్పిన వెంటనే ఫోను చేసి ఉంటే అన్న రెండు ప్రశ్నలూ మన తరగతులకూ వర్తిస్తాయి.

బిడ్డ నోరు విప్పినప్పుడు చేయాల్సింది కొంచెమే. అడ్డు రాకుండా వినండి. ‘చెప్పి మంచి పని చేసినావు’ అనండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. గుచ్చి గుచ్చి అడగకండి. ఆ మనిషిని పిలిపించి ఎదురెదురుగా నిలబెట్టకండి. విచారణ మన పని కాదు.

బిడ్డ ఏ మాటతో చెప్పిందో ఆ మాటనే, తేదీ, వేళతో సహా రాసిపెట్టండి. ఇది మనకు మరీ ముఖ్యం. ఒంటి భాగాలకు మన ఇళ్లలో వాడే పేర్లు పుస్తకాల తెలుగులో ఉండవు, బడి తమిళంలోనూ ఉండవు. మర్యాద కోసం మాట మార్చినా, తమిళంలోకి తిప్పినా అసలు సంగతి చెదిరిపోతుంది. నమోదు చేసే భాష బిడ్డకు అర్థం కాకపోతే దుబాసీని ఇవ్వాలని 19వ సెక్షనే చెబుతోంది. ఆ హక్కును అడిగి తీసుకోండి. సంఘం మనిషి ఆ పనికి కూర్చోకూడదు.

తర్వాత అదే రోజు మహిళా పోలీస్ స్టేషన్‌కు చెప్పండి. పగలూ రాత్రీ పలికే బాలల సహాయ నంబరు 1098. బడి విద్యాశాఖ నంబరు 14417. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. బిడ్డ పేరు, ఊరు, బడి వాట్సాప్ గుంపుల్లో తిరగకూడదు.

తరగతి మొదలుపెట్టే ముందే కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. పిల్లలతో పనిచేసే సంస్థలు సిబ్బందికి పోలీసు తనిఖీ చేయించాలని 2020 పోక్సో నియమాలు అంటున్నాయి. జీతం లేని సేవకుడికీ అదే కొలత పెట్టుకుందాం. గదిలో ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. ఫోను మాటలన్నీ అమ్మానాన్నల ద్వారానే సాగాలి. పిల్లలు చెప్పుకోడానికి ఇద్దరి పేర్లు, అందులో ఒక ఆడమనిషి పేరు, గోడ మీద తెలుగులోనూ తమిళంలోనూ రాయాలి. వాళ్లు పాఠం చెప్పేవారికి చుట్టాలు కాకూడదు.

ఫిర్యాదు వస్తే తరగతి కొన్నాళ్లు ఆగవచ్చు. దాచిన సంగతి బయటపడితే మాత్రం ఏ తల్లీ తన బిడ్డను మళ్లీ పంపదు. మనం నిలబెట్టాలనుకునే భాషలోనే బిడ్డ తన బాధ చెప్పుకుంటుంది. ఆ మాటకు చెవి ఇవ్వని చోట అక్షరాలు నేర్పి లాభం లేదు.