శ్రీహరికోటే ఎందుకు?

రాకెట్ పని పైకి వెళ్లడమేనని చాలామంది నమ్మకం. నిజానికి ఎత్తుకు చేరడం ఆ పనిలో చిన్న భాగం. ఉపగ్రహాన్ని మూడు వందల కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి ఊరికే వదిలేస్తే మళ్లీ కిందికే వస్తుంది. పడిపోకుండా భూమి చుట్టూ తిరగాలంటే అది సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోవాలి. ఇంధనంలో ఎక్కువ భాగం ఆ వేగానికే ఖర్చవుతుంది.

ఇందులో భూమి కొంత సాయం చేస్తుంది. అది పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, భూమధ్యరేఖ మీద నిలబడ్డవాడు కాలు కదపకుండానే సెకనుకు 465 మీటర్లు ప్రయాణిస్తుంటాడు. ధ్రువాల దగ్గర ఈ వేగం సున్నా. మన రాకెట్లు ఎగిరే శ్రీహరికోట 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక అక్కడ 450 మీటర్లకు పైనే. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఇది ఉచితం. కావలసిన వేగంలో ఆరు శాతమేనా అనిపించవచ్చు. కానీ ఎల్‌వీఎం3 రాకెట్ బరువు 640 టన్నులైతే, భూస్థిర కక్ష్యకు వెళ్లే దారిలో అది వదిలేది సుమారు నాలుగు టన్నులే. అలాంటి లెక్కలో ఆరు శాతం చిన్నదేమీ కాదు.

భూమధ్యరేఖకు కేరళలోని తుంబా ఇంకా దగ్గర. 1963లో మన అంతరిక్ష కార్యక్రమంలో తొలి రాకెట్ ఎగిరింది అక్కడినుంచే. అయితే అది పడమటి తీరం. అక్కడినుంచి తూర్పుకు వదిలితే పనైపోయిన దశలు ఊళ్ల మీద పడతాయి. ఇజ్రాయెల్‌దీ ఇలాంటి ఇబ్బందే, దానికి తూర్పున ఉన్నవి పొరుగు దేశాలు. అందుకే ఆ దేశం భూమి ఇచ్చే వేగాన్ని వదులుకుని, మధ్యధరా సముద్రం మీదుగా పడమరకు ప్రయోగిస్తుంది. మనకు తూర్పున బంగాళాఖాతం ఉంది. ఫిర్యాదులు చేయదు. 1969లో పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవిని ఎంచుకున్నారు. ఖాళీ దీవి అనుకోవద్దు. అక్కడ బతుకుతున్న యానాదులు చోటు మారాల్సి వచ్చింది.

శ్రీహరికోటకూ ఒక లోపముంది. భూ పరిశీలన ఉపగ్రహాలు ఎక్కువగా ధ్రువాల మీదుగా తిరుగుతాయి, వాటిని దక్షిణానికి పంపాలి. ఆ దారిలో శ్రీలంక ఉంది. లంక మీదికి దూకడం హనుమంతుడికి చెల్లింది, పీఎస్‌ఎల్‌వీ రాకెట్‌కు చెల్లదు. అది ముందు ఆగ్నేయంగా వెళ్లి, ఆపైన దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం కావాలి, అంత మేరకు మోసే బరువు తగ్గుతుంది. పైగా ఆ కక్ష్యల్లో చాలావాటి వాలు కాస్త పడమరకు ఉంటుంది కనుక, భూమి ఇచ్చిన తూర్పు వేగాన్ని ఇంధనం ఖర్చుపెట్టి మరీ వదిలించుకోవాలి. ఉచితాల సంగతి ఇంతే.

తమిళనాడులోని కులశేఖరపట్నంలో 2024 ఫిబ్రవరిలో రెండో ఉపగ్రహ ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేసింది ఇందుకే. అక్కడినుంచి దక్షిణానికి అంతా సముద్రమే. చిన్న రాకెట్లకు ఆ మలుపు ఖర్చు తప్పుతుంది. తూర్పుకు వెళ్లే భారీ రాకెట్ల విషయంలో మాత్రం శ్రీహరికోట ఎంపిక ఇప్పటికీ సరైనదే.