భోగాపురం భూములు: నోటీసు చదవడం తెలిస్తే ఎంత తేడా?

2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81.86 శాతం. ఓటున్న ప్రతి అయిదుగురిలో నలుగురు బూత్‌కి వెళ్లారు. ఇలాంటి జనానికి రాజకీయం తెలియదని ఎవరనగలరు? కాకపోతే ఓటు అయిదేళ్లకోసారి వస్తుంది, భూసేకరణ నోటీసు ఎప్పుడైనా రావచ్చు. ఆ రోజుకు కావలసిన చదువు వేరే.

భోగాపురం విమానాశ్రయానికి మొదట్లో 15,000 ఎకరాల మాట వినిపించింది. 2023 మే 3 నాటి శంకుస్థాపనకు అది దాదాపు 2,200 ఎకరాలకు దిగింది. ఏడెకరాలు అడిగి ఎకరం తీసుకున్నట్టన్నమాట. రైతులు రోడ్డెక్కారు, కోర్టుకెళ్లారు. ప్రభుత్వాల ఆలోచనలూ మారాయి. ఘనతంతా ఒకరిదే అనలేం గానీ, ఊళ్లు నోరు మెదపకుంటే ఇంత తగ్గేదని నేననుకోను.

నోటీసు వచ్చిన రోజుకు కావలసిన ఆ చదువే రాజకీయ విద్య. అంటే పార్టీల శిక్షణ తరగతులా? కాదు. ఏ కాగితం ఎవరివ్వాలి, ఎన్నాళ్లలో అడగాలి అన్నది తెలియడం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్‌ను, అంటే ఫలానా సర్వే నంబర్లు కావాలన్న తొలి ప్రకటనను, స్థానిక భాషలో పంచాయతీలోనూ పెట్టాలి. 60 రోజుల్లో కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. ఇచ్చినవారి మాట ఆయన వినాలి. గడువు దాటాక ధర్నా ఎంత పెద్దదైనా ఆ అవకాశం చేజారినట్టే.

ధర దగ్గర తేడా ఇంకా స్పష్టం. మార్కెట్ విలువ కట్టే పద్ధతుల్లో ఒకటి: గత మూడేళ్లలో చుట్టుపక్కల ఇలాంటి భూములకు జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం తీసుకుని సగటు కట్టడం. పది దస్తావేజులున్నాయనుకోండి. అయిదు ఎకరా 12 లక్షలకు, అయిదు 20 లక్షలకు. అన్నీ కలిపితే సగటు 16 లక్షలు; చట్టం చెప్పినట్టు కడితే 20 లక్షలు. దీనిపై నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా భూమి పోయినందుకు ఇచ్చే అదనపు సొమ్ము, కలుస్తుంది. అప్పుడు ఎకరాకు తేడా కనీసం 8 లక్షలు. ఒక పిల్ల పెళ్లి, ఒక పిల్లాడి చదువు అందులో ఉన్నాయి. స్టాంపు ఖర్చు మిగులుతుందని దస్తావేజులో ధర తగ్గించి రాయించే అలవాటు నష్టం చేసేది కూడా ఇక్కడే.

చదువు రానివాళ్ల మాటేమిటి? ఊళ్లో ఒక్కరికి తెలిసినా నోటీసును గ్రామసభలో చదివి వినిపించొచ్చు. ధర ఎలా కట్టారో ఆ లెక్కలు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. మీ ఊరికి నోటీసు వస్తే ముందు దానిమీది తేదీ చూడండి, ఆ వారంలోనే దరఖాస్తు పెట్టండి.